తోడు సంఖ్య: జనం వీథిలోకి వచ్చే లెక్క

తెలుగు సంఘాల వార్షికోత్సవాలకు వెళ్ళే అలవాటున్న వారికి ఒక దృశ్యం సుపరిచితం. వేదికపై ముఖ్య అతిథి ప్రసంగం సాగుతూ ఉంటుంది. పక్క హాలులో నుంచి పులిహోర తాలింపు వాసన వస్తూ ఉంటుంది. ఆకలి అందరిదీ, లేవాలన్న కోరికా అందరిదే. అయినా ఎవరూ కదలరు. చివరి వరుసలో ఇద్దరు పిల్లలు లేస్తారు. వారిని పట్టుకునే నెపంతో తల్లులు లేస్తారు. పది నిమిషాలలో సగం హాలు ఖాళీ అవుతుంది. మరుసటి ఏడు అదే హాలులో, అదే ఆకలితో, అంతకన్న దీర్ఘమైన ప్రసంగాన్ని జనం కడదాకా విని చప్పట్లు కొడతారు. మనుషులు మారలేదు, ఆకలి మారలేదు, ప్రసంగం కూడా బహుశా మారలేదు. మరి మారినదేమిటి?

ఇది నవ్వులాట ప్రశ్న కాదు. ప్రభుత్వాల తలరాతలు తేల్చిన ప్రశ్న. దీనికి గణితం ద్వారా సమాధానం వెదికినవాడు మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త. 1978లో ‘అమెరికన్ జర్నల్ ఆఫ్ సోషియాలజీ’లో ఆయన ప్రకటించిన వ్యాసం చదవడానికి కూడికలు వస్తే చాలు. ఆయన ఎత్తుకున్న ఉదాహరణ విందు భోజనం కాదు, వీథి అల్లరి.

ప్రతి మనిషికీ ఒక అంకె ఉంటుందని ఆయన ఊహ. తనకన్న ముందు ఎందరు దిగితే తాను దిగుతాడో ఆ అంకె. దీనిని తెలుగులో ‘తోడు సంఖ్య’ అనవచ్చు. తోడు సంఖ్య సున్న అయినవాడు ఎవరికోసమూ ఆగడు, ఒంటరిగానే మొదలుపెడతాడు. ఒకటి అయినవాడికి ఒక్కరు కనబడితే చాలు. యాభై అయినవాడు యాభైమందిని లెక్కించుకొని గాని గడప దాటడు. ఇప్పుడు ఒక కూడలిలో నూరుమంది నిలుచున్నారనీ, వారి తోడు సంఖ్యలు వరుసగా 0, 1, 2, 3 అలా 99 వరకు ఉన్నాయనీ అనుకుందాం. సున్న మనిషి మొదలుపెడతాడు. అతనిని చూసి ఒకటో మనిషి, ఆ ఇద్దరినీ చూసి రెండో మనిషి, ఇలా నూరుమందీ దిగుతారు. ఇక ఆ నూరుమందిలో ఒక్కరిని మాత్రం మార్చుదాం. తోడు సంఖ్య ఒకటి అయిన మనిషి స్థానంలో రెండు అయినవాడిని నిలబెడదాం. సున్న మనిషి యథాప్రకారం మొదలుపెడతాడు. రెండో మనిషి కావాలన్న వారు ఇద్దరున్నారు గాని, వారికి కనబడేది ఒక్కడే. ఎవరూ కదలరు. కథ అక్కడితో ముగుస్తుంది.

మరునాటి పత్రికలు ఈ రెండు సంఘటనలను ఎలా వ్రాస్తాయో ఊహించడం కష్టం కాదు. మొదటి ఊరిలో ‘ప్రజాగ్రహం పెల్లుబికింది’. రెండవ ఊరిలో ‘మతి చలించిన వ్యక్తి అల్లరి’. రెండు ఊళ్ళ మధ్య తేడా నూరుమందిలో ఒక్క మనిషి, ఒకే ఒక్క అంకె. జనసమూహం పరిమాణాన్ని బట్టి జనం మనసులోని అసంతృప్తిని కొలవడం ఎంత తప్పుదారి పట్టిస్తుందో ఈ చిన్న లెక్క చెబుతుంది.

ఇందులో మరొక మెలిక ఉన్నది. తోడు సంఖ్య అంటే నిజంగా ఎందరు దిగారన్నది కాదు. ఎందరు దిగినట్లు ఆ మనిషికి తెలిసిందన్నది. అక్కడే వార్త ప్రవేశిస్తుంది. దుకాణాలలో సరుకులు లేవని, ఎన్నికలలో మోసం జరిగిందని చెప్పడం వార్త చేసే అసలు పని కాదు. అవి జనానికి ముందే తెలుసు. తెలుగులో ‘బహిరంగ రహస్యం’ అన్న చక్కని మాట ఉన్నది. అందరికీ తెలిసినా, ఎదుటివాడికి తెలుసో లేదో, తెలిసినా ఒప్పుకుంటాడో లేదో తెలియని విషయం. అటువంటి రహస్యంలోని రహస్యాన్ని తీసివేసి బహిరంగాన్ని మాత్రం మిగల్చడమే వార్త పని. నిరంకుశ ప్రభుత్వాలు సమాచారాన్ని కన్న ముందు జనసంఖ్యను దాచడానికి తంటాలు పడేది ఇందుకే.

ఈ లెక్కను పుస్తకంలో కాక వీథిలో చూడాలంటే 1989 నాటి తూర్పు జర్మనీకి, అందులో లైప్‌జిగ్ నగరానికి వెళ్ళాలి. ఐదు లక్షల పైచిలుకు జనాభా గల ఆ నగరంలో సెయింట్ నికోలస్ చర్చి ఉన్నది. 1982 నుంచి ఆ చర్చిలో ప్రతి సోమవారం సాయంత్రం ఐదు గంటలకు శాంతి ప్రార్థనలు జరిగేవి. వారం, వేళ, స్థలం ఊరందరికీ తెలుసు. ఎవరూ కరపత్రం అచ్చువేయనక్కరలేదు, ఎవరూ ఎవరికీ కబురు పంపనక్కరలేదు. రహస్య పోలీసులు పట్టుకోవడానికి ఉత్తరమే లేదు. ఈ సౌకర్యం విలువను ఆ ప్రభుత్వం చాలా ఆలస్యంగా గ్రహించింది.

1989 సెప్టెంబరు 4న లైప్‌జిగ్‌లో వాణిజ్య ప్రదర్శన జరుగుతున్నది. ఆ ప్రదర్శన కోసం పశ్చిమ జర్మనీ విలేఖరులకు నగరంలోకి అనుమతి ఉన్నది. ప్రార్థన ముగిశాక చర్చి ముందు కొందరు యువజనులు బ్యానర్లు విప్పారు. స్వేచ్ఛాజీవులు నివసించే, తలుపులు తెరిచిన దేశం కావాలన్నది వాటిలో ఒకదాని భావం. మఫ్తీలోని పోలీసులు క్షణాలలో వాటిని లాగివేశారు. కాని ఆ లాగివేతను పశ్చిమ జర్మనీ టెలివిజన్ కెమెరాలు చిత్రించాయి, ఆ దృశ్యం ప్రసారమైంది. ఆ రోజు చర్చి ముందు చేరినవారు వేయిమంది ప్రాంతం. సెప్టెంబరు 25 నాటికి వారు కొన్ని వేలయ్యారు. అక్టోబరు 2న పదివేలు దాటారు.

ప్రభుత్వం ఇక సహించదలచలేదు. అక్టోబరు 6న స్థానిక దినపత్రికలో కార్మిక సాయుధ దళ నాయకుని పేరుతో ఒక లేఖ వెలువడింది. అవసరమైతే చేత ఆయుధం పట్టి అయినా ఈ అల్లరిని ఆపుతామన్నది దాని సారాంశం. ఆ ఏడాది జూన్‌లో బీజింగ్‌లో ఏమి జరిగిందో తూర్పు జర్మనీలో ఎరుగనివారు లేరు. అక్టోబరు 9 సోమవారం నాడు వేలాది పోలీసులు, సైనికులు నగరంలో మోహరించారు. ఆసుపత్రులలో రక్తం సిద్ధం చేస్తున్నారని ఊరంతా చెప్పుకున్నది. ఆఫీసుల నుంచి జనాన్ని త్వరగా ఇళ్ళకు వెళ్ళమన్నారు.

బెదిరింపు కూడా వార్తే. ఈ సంగతి పాలకులకు తట్టినట్లు లేదు. దినపత్రికలో ఆ లేఖ చదివిన ప్రతి గృహస్థుడికీ రెండు విషయాలు తెలిశాయి. ఒకటి, సోమవారం వెళితే ప్రాణాపాయం. రెండు, ప్రభుత్వమే ఇంతగా హెచ్చరిస్తున్నదంటే సోమవారం చాలామంది వెళ్ళబోతున్నారు. మొదటి విషయం తోడు సంఖ్యను పెంచుతుంది, రెండవది కనబడే తోడును పెంచుతుంది. ఏది గెలుస్తుందో ముందుగా చెప్పగలవారు లేరు.

ఆ సాయంత్రం నగర వీథులలోని లౌడ్‌స్పీకర్లలో ఒక ప్రసిద్ధుని కంఠం వినిపించింది. లైప్‌జిగ్ గెవాండ్‌హౌస్ వాద్యబృందానికి నిర్దేశకుడైన కుర్ట్ మాసుర్, మరి ఇద్దరు పెద్దమనుషులు, అధికార పార్టీకే చెందిన ముగ్గురు జిల్లా కార్యదర్శులు కలిసి రూపొందించిన విజ్ఞప్తి అది. సంయమనం పాటించండి, సంభాషణకు తావివ్వండి అన్నది అందులోని కోరిక. చర్చిలలో కూడా దానిని చదివి వినిపించారు. విజ్ఞప్తిలోని మాటలు సాధారణమైనవే. పార్టీ కార్యదర్శులు కూడా అందులో ఉన్నారన్న సంగతే అసాధారణం. అంతవరకు ‘మనం’, ‘వారు’ అని రెండుగా ఉన్న లెక్క ఆ క్షణాన తారుమారైంది. సుమారు డెబ్బై వేలమంది నగర కేంద్రం చుట్టూ ఉన్న వలయ మార్గంలో నడిచారు. రహస్య పోలీసుల కార్యాలయం ముందు నుంచే నడిచారు. ఒక్క తుపాకీ కూడా పేలలేదు. అన్ని వేలమందిని అదుపు చేసే సన్నాహం తమకు లేదని అధికారులు వెనక్కు తగ్గారు.

ఆ రాత్రి లైప్‌జిగ్‌లోకి విదేశీ విలేఖరులకు అనుమతి లేదు. కాని ఆరామ్ రాడోమ్‌స్కీ, జీగ్‌బెర్ట్ షెఫ్కె అనే తూర్పు బెర్లిన్ యువకులు ఇద్దరు ఒక చర్చి గోపురం ఎక్కి, వీడియో కెమెరాతో ఆ జనప్రవాహాన్ని చిత్రించారు. టేపును పశ్చిమ జర్మనీ వారపత్రిక ‘డేర్ ష్పీగెల్’ విలేఖరి ఒకాయన పశ్చిమ బెర్లిన్‌కు చేర్చాడు. మరునాడు అది టెలివిజన్‌లో వచ్చింది. చిత్రించినవారికి ముప్పు రాకుండా ఇటలీ బృందం తీసిన చిత్రమని చెప్పారు. తరువాతి సోమవారం లక్ష దాటారు. ఆపై వారం రెండు లక్షలు దాటారు. నవంబరు 6 నాటికి నాలుగు లక్షలకు పైబడ్డారు. ఈ మధ్యలో, అక్టోబరు 18న, పద్దెనిమిదేళ్ళుగా పార్టీని ఏలిన ఎరిక్ హోనెకర్ గద్దె దిగాడు.

వారం వారం పెరిగిన ఈ సంఖ్యలను సుసాన్ లోమన్ అనే రాజనీతి శాస్త్రజ్ఞురాలు 1994లో విశ్లేషించారు. ప్రతి సోమవారం నాటి సంఖ్య తరువాతి సోమవారానికి సమాచారమైందని ఆమె సిద్ధాంతం. సంఖ్య ఒక్కటే కాదు, ఎవరు వచ్చారన్నది కూడా సమాచారమే. ఎప్పుడూ ఎదురుతిరిగేవారు వస్తే ఎవరికీ ఆశ్చర్యం లేదు. పక్కింటి లెక్కల మాస్టారు, ట్రాము నడిపే మనిషి వచ్చారంటే అది వార్త.

ఇంతవరకు చదివినవారికి పశ్చిమ జర్మనీ టెలివిజనే ఆ ప్రభుత్వాన్ని కూల్చిందని అనిపించవచ్చు. చాలాకాలం చాలామంది పండితులూ అలాగే అనుకున్నారు. ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి ప్రకృతి ఒక ప్రయోగశాలను సిద్ధం చేసి పెట్టింది. టెలివిజన్ తరంగాలు దాదాపు సరళరేఖలో ప్రయాణిస్తాయి. షార్ట్‌వేవ్ రేడియో తరంగాల వలె పై ఆకాశంలోని అయనావరణానికి తగిలి భూమికి తిరిగి వచ్చే గుణం వాటికి సామాన్యంగా లేదు. భూమి వంపు, కొండలు వాటికి అడ్డు. పశ్చిమ బెర్లిన్ తూర్పు జర్మనీ నడిబొడ్డున ఉన్నది కాబట్టి దేశంలో అధిక భాగానికి ఆ ప్రసారాలు అందేవి. ఎల్బె నది లోయలోని డ్రెస్డెన్ నగరానికి, ఈశాన్య మూలలోని కొంత ప్రాంతానికి మాత్రం అందేవి కావు. డ్రెస్డెన్ ప్రాంతాన్ని దేశంలోని మిగతావారు ‘ఏమీ తెలియనివారి లోయ’ అని వెక్కిరించేవారు. పశ్చిమ జర్మనీ ప్రసార సంస్థ పేరైన ఏ.ఆర్.డి. అన్న పొడి అక్షరాలకు ‘డ్రెస్డెన్ ప్రాంతం మినహా’ అని కొత్త అర్థం కల్పించారు. తూర్పు జర్మనీ రంగుల ప్రసారానికి సెకామ్ పద్ధతిని, పశ్చిమ జర్మనీ పాల్ పద్ధతిని వాడేవి. అందుచేత మామూలు తూర్పు సెట్టులో పశ్చిమ కార్యక్రమాలు నలుపు తెలుపులలోనే కనిపించేవి. చేయితిరిగిన మెకానిక్కులు సెట్టులోపల ఒక చిన్న పరికరం అమర్చి రంగులు తెప్పించేవారు. 1961లో యువజన సంఘం వారు ఇళ్ళ కప్పులెక్కి, పశ్చిమానికి తిరిగిన యాంటెనాలను తిప్పివేసిన రోజులతో పోలిస్తే ఇది పెద్ద మార్పే.

హోల్గర్ కెర్న్ అనే పరిశోధకుడు టెలివిజన్ అందిన జిల్లాలను, అందని జిల్లాలను పక్కపక్కన పెట్టి 1989 నాటి ప్రదర్శనలను పోల్చాడు. 2011లో ప్రకటించిన ఆ ఫలితం చాలామందికి రుచించలేదు. టెలివిజన్ అందిన చోట్ల ప్రదర్శనలు త్వరగా వ్యాపించాయనడానికి ఆధారం దొరకలేదు. అంతకు ముందు, 2009లో, ఆయనా యెన్స్ హైన్‌ముల్లరూ కలిసి చేసిన పరిశోధన మరొక వింతను బయటపెట్టింది. పశ్చిమ ప్రసారాలు చూసినవారు తమ ప్రభుత్వంపట్ల కొంచెం ఎక్కువ తృప్తితోనే ఉండేవారట! సాయంత్రాలు మంచి వినోదం దొరికితే మనిషి తిరగబడడం తగ్గుతుంది కాబోలు.

ఏమీ తెలియనివారి లోయకు వార్త ఎలా చేరింది? రైలులో చేరింది. ఆ శరత్కాలంలో వేలాది తూర్పు జర్మన్లు ప్రాగ్ నగరంలోని పశ్చిమ జర్మనీ రాయబార కార్యాలయంలో తలదాచుకున్నారు. వారిని పశ్చిమానికి పంపడానికి హోనెకర్ ఒప్పుకున్నాడు గాని, రైళ్ళు తన దేశం గుండానే పోవాలని పట్టుబట్టాడు. తానే వారిని వెళ్ళగొట్టినట్లు లోకానికి కనబడాలన్నది ఆయన కోరిక. రైళ్ళు డ్రెస్డెన్ మీదుగా నడిచాయి. అక్టోబరు 4 రాత్రి వేలమంది డ్రెస్డెన్ స్టేషనును ముట్టడించారు, పోలీసులతో తలపడ్డారు. ఏ యాంటెనా అందుకోలేని సమాచారాన్ని పాలకుడే తన ఖర్చుతో, తన పట్టాలమీద, ఊరిలోకి తెప్పించాడు.

నవంబరు 9 రాత్రి కథ ఇంకా విచిత్రం. ఆ సాయంత్రం ఏడు గంటలు కావస్తుండగా విలేఖరుల సమావేశంలో పార్టీ ప్రతినిధి గ్యుంటర్ షబోవ్‌స్కీ కొత్త ప్రయాణ నిబంధనలను చదివాడు. అవి మరునాడు అమలు కావలసినవి. ఎప్పటినుంచి అని అడగగా కాగితాలు తిరగవేసి, తనకు తెలిసినంతవరకు ఇప్పటినుంచే అన్నాడు. ఎనిమిది గంటల పశ్చిమ జర్మనీ వార్తలు సరిహద్దు తెరుస్తున్నారని ప్రకటించాయి. నిజానికి అప్పటికి ఏ సరిహద్దూ తెరవలేదు. వార్త విన్న జనం గేట్లవద్దకు వేలుగా చేరారు. రాత్రి పదకొండున్నర ప్రాంతంలో బోర్న్‌హోల్మర్ వీథి గేటువద్ద అధికారి హారల్డ్ యేగర్ పైనుంచి స్పష్టమైన ఆదేశం లేకుండానే తలుపులు తీయించాడు. వార్త ముందు పుట్టింది. సంఘటన దాని వెనుక వచ్చింది.

రైలుకూ వార్తకూ ఉన్న ఈ చుట్టరికం తెలుగువారికి కొత్త కాదు. 1952 డిసెంబరు 15 రాత్రి మద్రాసులో పొట్టి శ్రీరాములు నిరాహారదీక్షలో అసువులు బాసిన తరువాత ఆందోళన చెలరేగిన ఊళ్ళను వరుసగా చెప్పుకుంటే నెల్లూరు, ఒంగోలు, తెనాలి, విజయవాడ, ఏలూరు, రాజమండ్రి, అనకాపల్లి వస్తాయి. మద్రాసు నుంచి కలకత్తా మెయిలు ఎక్కినవారికి ఈ వరుస కంఠస్థం. నాలుగు రోజులలో, డిసెంబరు 19న, నెహ్రూ ఆంధ్ర రాష్ట్ర నిర్మాణాన్ని ప్రకటించవలసి వచ్చింది.

రేడియో సంగతి వేరు. అది రైలుకన్న వేగం గలది. కాని తన చిరునామాను తానే చాటుకుంటుంది. 1942 ఆగస్టులో నాయకులందరూ జైలు పాలయ్యాక ఉషా మెహతా, ఆమె మిత్రులు బొంబాయిలో రహస్య కాంగ్రెసు రేడియో నడిపారు. 42.34 మీటర్ల తరంగం అది, అనగా సెకనుకు సుమారు 70 లక్షల 80 వేల కంపనలు. ఉంగరం ఆకారపు యాంటెనాను తిప్పుతూ పోతే తరంగం ఏ దిక్కునుంచి వస్తున్నదో తెలుస్తుంది. రెండు చోట్ల నుంచి ఇలా దిక్కులు కొలిచి పటంపై రెండు గీతలు గీస్తే, అవి కలిసే చోట ప్రసారిణి ఉంటుంది. అందుకే ఆ మిత్రబృందం ఇళ్ళు మారుస్తూ పోయింది. నవంబరు 12న పోలీసులు తలుపు బద్దలు కొట్టే నాటికి మూడు నెలలైనా కాలేదు. వారి ఆచూకీ ఇచ్చింది యంత్రం ఒక్కటే కాదు, లొంగిపోయిన సాంకేతికుడు కూడా.

వార్తామార్గాన్నే మూసివేస్తే ఏమవుతుంది? ఈ ప్రయోగాన్ని 2011లో ఈజిప్టు ప్రభుత్వం దేశమంత పరిమాణంలో చేసింది. జనవరి 25న కైరోలోని తహ్రీర్ కూడలిలో నిరసనలు మొదలయ్యాయి. 27 అర్ధరాత్రి దాటిన కొద్ది నిమిషాలకు ఆ దేశపు ఇంటర్నెట్ దాదాపు సమూలంగా మాయమైంది. తీగలు ఎవరూ కోయలేదు. ఇంటర్నెట్ అనేది వేలాది చిన్న జాలాల సముదాయం. ఫలానా చిరునామాలకు దారి నా మీదుగా ఉన్నదని ప్రతి జాలమూ పొరుగు జాలాలకు నిరంతరం టముకు వేస్తూ ఉంటుంది. దీనికి బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్ అని పేరు. టముకు ఆపితే ఆ ఊరు ఉన్నట్లు లోకానికి తెలియదు. యంత్రాలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నా ఉత్తరాలు చేరవు. ఆ రాత్రి ఈజిప్టుకు చెందిన సుమారు 3,500 దారుల ప్రకటనలు ఉపసంహరింపబడ్డాయి. స్టాక్ ఎక్స్‌ఛేంజికి సేవలందించే నూర్ అనే సంస్థ మాత్రం మరి కొన్ని రోజులు మిగిలింది. సెల్‌ఫోన్లను కూడా 28న ఆపివేశారు.

ఆ రోజు శుక్రవారం. మసీదులలో ప్రార్థనకు వేళ, చోటు ముందే నిర్ణయమై ఉన్నాయి. లైప్‌జిగ్‌కు సోమవారం ఎటువంటిదో కైరోకు శుక్రవారం అటువంటిది. అంతవరకు ఇంట్లో కూర్చొని తెరపై వార్తలు చూసినవారికి ఇప్పుడు చూడడానికి ఏమీ లేదు. బిడ్డ ఎక్కడున్నాడో తెలియని తల్లి వీథిలోకి రావలసిందే. నవీద్ హసన్‌పూర్ అనే పరిశోధకుడు తరువాత ఈ వారాన్ని అధ్యయనం చేసి, జాలం మూసివేత నిరసనను అణచకపోగా తహ్రీర్ కూడలి నుంచి నగరమంతటికీ చెదరగొట్టిందని వాదించాడు. ఈలోగా కొందరు పాత టెలిఫోను తీగల మీద మోడెములు పెట్టి ఫ్రాన్సులోని ఒక సంస్థకు డయల్ చేశారు. ఫోనులో చెప్పిన మాటను ట్విటర్‌కు చేర్చే ఏర్పాటును గూగుల్ చేసింది. ఫిబ్రవరి 2న జాలం తిరిగి వచ్చింది, 11న ముబారక్ పదవి వీడాడు. ఐదు రోజుల మూసివేత వలన ఆ దేశానికి కనీసం 9 కోట్ల డాలర్ల నష్టమని ఓ.ఇ.సి.డి. అంచనా కట్టింది. రెండున్నరేళ్ళు తిరగకుండానే, 2013లో, అధికారం సైన్యం చేతికి వచ్చింది. జనాన్ని వీథిలోకి తెచ్చే లెక్క వేరు, తెచ్చిన తరువాత జరిగే రాజ్యాంగ నిర్మాణపు లెక్క వేరు.

గ్రానొవెటర్ లెక్కకు మంచిచెడ్డలు తెలియవని కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 2022 మే 24న అమలాపురంలో, జిల్లా పేరుకు అంబేడ్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ మొదలైన ఆందోళన మంత్రి ఇంటినీ శాసనసభ్యుని ఇంటినీ తగులబెట్టేదాకా వెళ్ళింది. ఆ గుంపులోనూ ఒక సున్న మనిషి, ఒక ఒకటో మనిషి ఉండే ఉంటారు. ప్రభుత్వం కోనసీమలో ఇంటర్నెట్ నిలిపివేసింది. నిప్పు పెట్టినవారికన్న ఎన్నో రెట్లమంది దానివలన ఇబ్బంది పడ్డారు. ఇంటినుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ల్యాప్‌టాపులు పట్టుకొని సిగ్నల్ కోసం గోదావరి గట్లకు చేరారు. విదేశాలలో ఉన్న పిల్లలకు వాట్సాప్ మూగబోయింది. ఇటువంటి నిలిపివేతలను లెక్కించే యాక్సెస్ నౌ సంస్థ గణన ప్రకారం 2023 వరకు వరుసగా ఆరేళ్ళు ప్రపంచంలో ప్రథమస్థానం భారతదేశానిదే.

జాలం లేకుండా వార్త నడిచే మార్గాలను నిరసనకారులు కూడా వెదుకుతున్నారు. 2014లో హాంగ్‌కాంగ్ విద్యార్థులు ఫైర్‌చాట్ అనే సాధనాన్ని వాడారు. దానిలో ఒక ఫోను పక్కనే ఉన్న ఫోనుకు, అది దాని పక్క ఫోనుకు బ్లూటూత్ ద్వారా సందేశం అందించేది. ఒక్కొక్క అంగ కొన్ని పదుల మీటర్లే. జనం ఒత్తుగా ఉంటేనే సందేశం ముందుకు సాగుతుంది. కోటలోని కబురు చేతులు మారుతూ ఊరు దాటిన కాలానికి ఇది దగ్గర. 2019లో అదే నగరంలో బ్రిడ్జిఫై అనే మరొక సాధనం ప్రచారంలోకి వచ్చింది. మరుసటి సంవత్సరం లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయల్ హాలోవే పరిశోధకులు దానిని విప్పి చూసి, సందేశాలను ఇతరులు చదవవచ్చుననీ, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో కనిపెట్టవచ్చుననీ తేల్చారు. ఆ సంస్థ 2020లోనే కొత్త గూఢలిపి పద్ధతికి మారింది. దానిలోనూ లోపాలున్నాయని 2022లో మరొక పరిశోధన వెల్లడించింది.